చీటీలో కాలం: ప్రకృతి చరిత్ర మ్యూజియంలు, వాతావరణ మార్పు బోధన – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రకృతి చరిత్ర మ్యూజియంలు వాతావరణ మార్పును బోధించడానికి పుట్టినవి కావు. వర్తకం కోసం, పాలన కోసం, కొన్నిసార్లు కేవలం అభిరుచి కోసం పోగుచేసిన మొక్కలు, పక్షులు, ఎముకలు అక్కడ చేరాయి. వాటి పక్కన తేదీ, స్థలం రాసి పెట్టిన చిన్న చీటీలు తర్వాతి కాలంలో వాతావరణ మార్పుకు బలమైన సాక్ష్యాలుగా నిలిచాయి. సామర్లకోట, బర్కిలీ, సిక్కిం, గోదావరి లోయలకు సంబంధించిన ఉదాహరణల ద్వారా ఈ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. భారతదేశంలో బోధించే మ్యూజియం ఒకచోట, నమూనాల నిల్వ మరొకచోట ఎదగడం వల్ల విద్యార్థులకు కలిగిన నష్టాన్ని చర్చించడం రెండవది.

కీలకపదాలు: ప్రకృతి చరిత్ర మ్యూజియం, హెర్బేరియం, వాతావరణ మార్పు, గోండ్వానా, పత్రరంధ్రాలు, పర్యావరణ విద్య.

1. ఉపోద్ఘాతం:

వాన, ఎండ, గాలి అనుభవానికి అందేవి. శీతోష్ణస్థితి అలా అందేది కాదు. ఒక ప్రాంతపు శీతోష్ణస్థితిని చెప్పడానికి ప్రపంచ వాతావరణ సంస్థ 30 సంవత్సరాల సగటును ప్రమాణంగా పాటిస్తుంది. ఈ లెక్కన డిగ్రీ తరగతిలో కూర్చున్న ఇరవై ఏళ్ల విద్యార్థులు ఒక్క శీతోష్ణస్థితి కాలాన్నైనా పూర్తిగా చూసి ఉండరు. తాము పుట్టకముందు ఏ మొక్క ఎప్పుడు పూసేదో, ఏ జంతువు కొండమీద ఎంత ఎత్తువరకు తిరిగేదో వారికి తెలియాలంటే మరొకరి జ్ఞాపకం కావాలి. పెద్దల మాటల్లో ఆ జ్ఞాపకం కొంత దొరుకుతుంది. కాని దానికి సాధారణంగా తేదీ ఉండదు. తేదీ, స్థలం, వస్తువు మూడూ ఒకేచోట ఉన్న జ్ఞాపకం ప్రకృతి చరిత్ర మ్యూజియం బీరువాల్లో ఉంది.

ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశాలు, ఆ తర్వాతి ఉత్తర్వుల ఫలితంగా పర్యావరణ అధ్యయనం డిగ్రీ స్థాయిలో అన్ని శాఖల వారికీ తప్పనిసరి పాఠ్యాంశమైంది. అంటే తెలుగు సాహిత్యం చదివేవారూ, వాణిజ్యశాస్త్రం చదివేవారూ గ్రీన్‌హౌస్ వాయువుల నిర్వచనం రాసి ఉత్తీర్ణులవుతున్నారు. నిర్వచనం కంఠస్థం కావడానికి, మార్పు జరిగిందన్న నిశ్చయం కలగడానికి మధ్య చాలా దూరం ఉంది. ఈ దూరాన్ని తగ్గించే సాధనంగా మ్యూజియం ఎంతవరకు పనికివస్తుంది, ఇంతవరకు ఎందుకు పనికిరాలేదు అన్నవి ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్నలు.

2. కోరమండల్ తీరపు సేకరణలు:

తెలుగు నేలమీద ఆధునిక పద్ధతిలో సాగిన ప్రకృతి చరిత్ర సేకరణ ఈస్ట్ ఇండియా కంపెనీ వైద్యులతో మొదలైంది. విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ పాములపై 1796లోనూ, విశాఖ తీరంలో దొరికిన 200 చేపలపై 1803లోనూ గ్రంథాలు ప్రచురించాడు. పాముకాట్లకు కంపెనీ సిపాయిలు చనిపోతున్నందువల్ల విషసర్పాలను గుర్తించడం ఆనాటి అవసరం. రస్సెల్ స్థానికులను అడిగి పేర్లు రాసుకున్నాడు. నేడు ప్రపంచమంతా అతని పేరుతో పిలిచే రక్తపింజరి ఆ గ్రంథంలో ‘కాటుకరేకుల పొడ’గా తెలుగు పేరుతోనే కనిపిస్తుంది. కట్లపాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన ‘బంగారస్’ అనే నామం కూడా తెలుగు ‘బంగారు’ నుంచే వెళ్లింది. నమూనాతోపాటు నమూనాను ఎరిగినవారి మాట కూడా చీటీ మీదికి ఎక్కిందనడానికి ఇవి మంచి నిదర్శనాలు. ఆ మాట చెప్పినవారి పేరు మాత్రం ఎక్కలేదు.

రస్సెల్ సమకాలికుడైన విలియం రాక్స్‌బర్గ్ కథ ఈ చర్చకు మరింత ముఖ్యమైనది. 1781 నుంచి 1793లో కలకత్తా వెళ్లేవరకు అతడు సామర్లకోట కేంద్రంగా పనిచేశాడు. మిరియం, నీలిమందు వంటి వాణిజ్య పంటలను అక్కడ పెంచి చూశాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలో ఎన్నిక చేసినవి 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. వీటన్నిటితోపాటు అతడు వాతావరణ వివరాలను కూడా క్రమం తప్పకుండా నమోదు చేశాడు. 1789 తర్వాత వరుసగా కొన్నేళ్లు రుతుపవనాలు విఫలమై ఉత్తర సర్కారుల్లో ఘోరమైన క్షామం వచ్చినప్పుడు ఆ నమోదులు కొనసాగుతూనే ఉన్నాయి. రెండు శతాబ్దాల తర్వాత, 1998లో, పర్యావరణ చరిత్రకారుడు రిచర్డ్ గ్రోవ్ 1789–93 నాటి ఎల్ నినో ప్రపంచవ్యాప్త ప్రభావాన్ని నిరూపించడానికి వాడుకున్న ఆధారాలలో సామర్లకోట వానలెక్కలు ప్రధానమైనవి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రాక్స్‌బర్గ్ చూసిన కరవు మనుషులు కలిగించిన వాతావరణ మార్పు కాదు. అది సముద్ర ఉష్ణోగ్రతల సహజమైన హెచ్చుతగ్గుల ఫలితం. ఒక అనావృష్టిని చూపి ‘ఇదే వాతావరణ మార్పు’ అని తరగతిలో చెప్పడం ఎంత తప్పో, ఒక చలికాలాన్ని చూపి ‘మార్పేమీ లేదు’ అనడం అంతే తప్పు. కాబట్టి సామర్లకోట లెక్కలు బోధనలో మార్పుకు ఉదాహరణగా పనికిరావు. మార్పును కొలవడానికి కావలసిన పాత గీటురాయిగా పనికివస్తాయి. విచారించదగిన సంగతి ఏమిటంటే, ఒకే మనిషి ఒకే ఊళ్లో సమకూర్చిన మొక్క, బొమ్మ, వానలెక్క నేడు ఒకచోట లేవు. రాక్స్‌బర్గ్ వేయించిన బొమ్మలు కోల్‌కతాలోనూ, లండన్ శివార్లలోని క్యూ ఉద్యానంలోనూ ఉన్నాయి. కాకినాడలోనో, రాజమహేంద్రవరంలోనో వృక్షశాస్త్రం చదివే విద్యార్థులకు తమ జిల్లాకు ఇటువంటి పాత దస్తావేజు ఉందన్న ఊహ కూడా రావడం అరుదు.

3. నమూనా సాక్ష్యంగా మారిన తీరు:

పందొమ్మిదో శతాబ్దమంతా మ్యూజియం పని ప్రధానంగా వర్గీకరణే. ఒక జాతికి ఒకటి రెండు నమూనాలు దొరికితే పేరు పెట్టడానికి చాలునన్న భావన ఉండేది. ఆ భావనను ప్రశ్నించినవారిలో కాలిఫోర్నియాకు చెందిన జోసెఫ్ గ్రిన్నెల్ ముఖ్యుడు. అనీ అలెగ్జాండర్ అనే దాత్రి చొరవతో 1908లో బర్కిలీలో ఏర్పడిన వెన్నెముకగల జంతువుల మ్యూజియానికి అతడు తొలి సంచాలకుడు. తాము పోగుచేస్తున్న నమూనాల అసలు విలువ చాలా సంవత్సరాలు, బహుశా ఒక శతాబ్దం గడిస్తే తప్ప తెలియదని 1910లోనే అతడు రాశాడు. జంతువుతోపాటు అది దొరికిన ఎత్తు, చుట్టూ ఉన్న వృక్షజాలం, ఆ రోజు పెట్టిన ఉచ్చుల సంఖ్య కూడా నోటు పుస్తకంలో రాయాలని సహచరులను కట్టడి చేశాడు. ఏమీ దొరకని రోజు లెక్క కూడా పుస్తకంలో ఉండాలన్నది ఆ పద్ధతి.

గ్రిన్నెల్ బృందం 1914–20 మధ్య యోసెమిటీ ప్రాంతంలో చేసిన సర్వేను అదే మ్యూజియం పరిశోధకులు 2003 నుంచి అదే దారుల్లో మళ్లీ చేశారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం 28 చిన్న క్షీరదజాతుల్లో సగం తమ నివాసపు హద్దులను సగటున సుమారు 500 మీటర్లు పైకి జరుపుకున్నాయి. ఆ ప్రాంతపు కనిష్ఠ ఉష్ణోగ్రత ఈ మధ్యకాలంలో సుమారు 3 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. నిజానికి ఈ పోలికను సాధ్యం చేసింది ఎలుకల చర్మాలు కావు, ఉచ్చుల లెక్క. వందేళ్ల కిందట ఒకచోట ఒక జాతి దొరకలేదంటే అది అక్కడ లేకనా, వెతకకపోవడం వల్లనా అన్న ప్రశ్నకు జవాబు ఆ నోటు పుస్తకాల్లోనే ఉంది.

వర్గీకరణ కోసం దాచిన వస్తువు వేరొక ప్రశ్నకు జవాబు చెప్పగలదని అంతకుముందే పక్షి గుడ్లు రుజువు చేశాయి. 1967లో బ్రిటన్‌కు చెందిన డెరెక్ రాట్‌క్లిఫ్ పెరెగ్రిన్ డేగల గుడ్ల పెంకులు 1947 ప్రాంతం నుంచి పలచబడుతూ వచ్చాయని చూపాడు. అందుకు ఆధారం అభిరుచి కోసం గూళ్లను దోచుకున్న సేకర్తల పెట్టెలే. డీడీటీపై ఆంక్షలకు దారితీసిన వాదనల్లో ఈ పెంకులకు స్థానముంది. 2017లో షికాగోకు చెందిన ఇద్దరు యువ పరిశోధకులు ఐదు జాతులకు చెందిన 1,347 పక్షి నమూనాలను ఫొటోలు తీసి, రెక్కలు, పొట్టల మీద పేరుకున్న మసిని కొలిచారు. పక్షి ఏటా ఈకలు మార్చుకుంటుంది కాబట్టి ఈకమీది మసి ఆ ఏటి గాలిలోనిదే. ఆ విధంగా అమెరికా పారిశ్రామిక ప్రాంతంలో 135 సంవత్సరాల బొగ్గు పొగ చరిత్ర పిట్టల పొట్టలమీద చదవగలిగారు. మసి కూడా భూమిని వేడెక్కించే పదార్థాలలో ఒకటి.

బోధన దృష్టితో చూస్తే వీటన్నిటికన్నా విలువైనది ఇయాన్ వుడ్‌వర్డ్ 1987లో ప్రచురించిన పరిశీలన. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయపు హెర్బేరియంలో, అంటే ఎండబెట్టి కాగితాలకు అతికించిన మొక్కల నిల్వలో, రెండు శతాబ్దాలుగా చేరిన ఎనిమిది చెట్టుజాతుల ఆకులను అతడు తీసుకున్నాడు. వాటిపైనున్న పత్రరంధ్రాలను లెక్కించగా 200 సంవత్సరాల్లో వాటి సాంద్రత సుమారు 40 శాతం తగ్గినట్లు తేలింది. ఆ కాలంలోనే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతులకు 280 నుంచి 340కి పెరిగింది. వాయువు సమృద్ధిగా దొరికినప్పుడు ఆకు తక్కువ రంధ్రాలతో సరిపెట్టుకుంటుంది, నీటి నష్టాన్నీ తగ్గించుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను ప్రయోగశాలలో పెంచి, తగ్గించి పెంచిన మొక్కల్లోనూ ఇదే ధోరణి కనిపించింది. ఇక్కడ ఆకు కేవలం మార్పుకు గురైన వస్తువు కాదు, ఆ నాటి గాలిని కొలిచిన పరికరం. హవాయిలోని మౌనా లోవా శిఖరంపై చార్లెస్ కీలింగ్ 1958లో కొలతలు మొదలుపెట్టకముందే చెట్లు తమ పద్ధతిలో ఆ లెక్క రాస్తూ వచ్చాయన్నమాట.

4. హుకర్ ఎత్తులు:

ఈ పద్ధతికి భారతదేశంలో దొరికే ఉత్తమ ఉదాహరణ సిక్కిం. జోసెఫ్ డాల్టన్ హుకర్ 1848–50 మధ్య సిక్కిం హిమాలయాల్లో తిరిగి మొక్కలు సేకరించాడు. బారోమీటరుతోనూ, నీరు మరిగే ఉష్ణోగ్రతతోనూ ఎత్తులు లెక్కగట్టి ప్రతి మొక్క ఏ ఎత్తున ఎదురైందో రాసుకున్నాడు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన మహారాజ్ పండిత్ బృందం 2007–10 మధ్య ఆ లోయల్లోకి మళ్లీ వెళ్లింది. 2013లో ప్రచురించిన వారి ఫలితాల ప్రకారం పరిశీలించిన 124 స్థానీయ జాతుల్లో 87 శాతం తమ ఎత్తు పరిధిని మార్చుకున్నాయి. జాతిని బట్టి 23 మీటర్ల నుంచి 998 మీటర్ల వరకు పైకి జరిగాయి. మొక్క నడవదు. తరతరాలుగా పైనపడిన విత్తనం బతకడం, కిందపడినది బతకకపోవడమే ఈ జరగడం. శిఖరం దగ్గర ఇప్పుడు జాతుల సంఖ్య పెరిగినట్లు కనిపించడం కూడా శుభవార్త కాదు. అంతకుపైన ఎక్కడానికి కొండ లేదు.

అయితే హుకర్ చీటీని పవిత్ర పత్రంగా విద్యార్థుల ముందు పెట్టకూడదు. అతని ప్రయాణం సిక్కిం రాజు అనుమతిని లెక్కచేయని ప్రయాణం. 1849లో సిక్కిం దివాను అతణ్ణీ, అతని సహచరుడు క్యాంప్‌బెల్‌నూ బంధించడం, దానికి ప్రతీకారంగా బ్రిటిష్‌వారు సిక్కిం భూభాగంలో కొంత కలుపుకోవడం చరిత్ర. బరువులు మోసినవారు, దారులు చూపినవారు, మొక్కల పేర్లు చెప్పినవారు చీటీమీద లేరు. వలస పాలన విడిచిపోయిన ఈ కాగితాలు నేటి వాతావరణ పరిశోధనకు ఆధారం కావడంలో ఒక వైరుధ్యముంది. దాన్ని దాచి చెప్పడం కన్నా దానితో సహా చెప్పడమే చరిత్ర బోధనకు తగినది. శాస్త్రీయంగానూ ఇటువంటి సేకరణలకు పరిమితులున్నాయి. సేకర్తలు దారి పక్కన, తమకు అనువైన రుతువులో, అరుదైనవాటి మీద ఎక్కువ దృష్టి పెట్టి సేకరించారు. గ్రిన్నెల్‌కు ఉన్న ఉచ్చుల లెక్క వంటిది హుకర్ దగ్గర లేదు. ఒక మొక్క పాత జాబితాలో లేనంత మాత్రాన అది అప్పట్లో లేదని తేల్చలేం. ఏ సాక్ష్యం ఎంతవరకు మాట్లాడుతుందో తూచి చూడడం చరిత్ర విద్యార్థులకు శాసనాల దగ్గర, తాళపత్రాల దగ్గర అలవాటైన పనే. ఎండిన మొక్క దగ్గరా అదే పని.

5. గోదావరి లోయ – డైనోసార్ దగ్గర వచ్చే చిక్కు:

సాధారణ సందర్శకులకు ప్రకృతి చరిత్ర మ్యూజియం అంటే డైనోసార్. తెలుగువారికి ఈ విషయంలో కొరత లేదు. ప్రణాళికావేత్త పి.సి. మహలనోబిస్ ఆహ్వానంపై లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్‌సన్ మార్గదర్శకత్వంలో భారత గణాంక సంస్థ శాస్త్రజ్ఞులు ప్రాణహిత–గోదావరి లోయలో 1958–61 మధ్య తవ్విన ఎముకలే బారాపాసారస్. బెంగాలీలో ‘పెద్ద కాలు’ అన్న అర్థానికి, ఆ 1961లో జరుగుతున్న రవీంద్రుని శతజయంతికి గుర్తుగా దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం కోల్‌కతాలోని ఆ సంస్థ మ్యూజియంలో ఉంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన మరో జాతికి భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. అది హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఏటా బస్సుల్లో వచ్చే పాఠశాల పిల్లలు దాని ముందు ఫొటోలు దిగుతుంటారు.

ఈ లోయ నిజానికి ఎముకలకన్నా పెద్ద కథ చెబుతుంది. గోండ్వానా అన్న పేరు గోండుల నేలనుంచి వచ్చింది. 1872లో హెచ్.బి. మెడ్లికాట్ దాన్ని ఇక్కడి శిలాశ్రేణికి పెట్టగా, తర్వాత అది దక్షిణార్ధగోళపు మహాఖండం పేరయింది. ఆ శిలాశ్రేణి అట్టడుగున హిమానీనదాలు దొర్లించి తెచ్చిన బండరాళ్లున్నాయి. ఒడిశాలోని తాల్చేరులో 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ వాటిని గుర్తించినప్పుడు ఉష్ణదేశంలో మంచు ఏమిటని పండితలోకం నమ్మడానికి వెనుకాడింది. 1875లో ఫెడెన్ చంద్రపూర్ ప్రాంతంలోని ఇరై దగ్గర, గోదావరి పరీవాహక ప్రాంతంలోనే, మంచు రాపిడికి గీతలు పడిన సున్నపురాతి నేలను వర్ణించాడు. సుమారు 30 కోట్ల సంవత్సరాల కిందటి ఆ మంచు పొరలకు పైన గ్లోసోప్టెరిస్ అడవులు పెరిగి, కూలి, బొగ్గయ్యాయి. ఇంకా పైపొరల్లో జురాసిక్ కాలపు డైనోసార్లు. మంచు, అడవి, మహాసరీసృపం ఒక్క లోయలోనే వరుసగా దొరకడం విద్యార్థులకు అబ్బురం కలిగించకుండా ఉండదు.

చిక్కు ఇక్కడే. ‘వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా, ఇప్పుడు మాత్రం ఎందుకు భయం?’ అన్న ప్రశ్న ఈ వరుసను చూసిన తెలివైన విద్యార్థులకు తప్పక వస్తుంది. దాన్ని విసుక్కుని తోసిపుచ్చే అధ్యాపకులు మంచి అవకాశాన్ని పోగొట్టుకుంటారు. జవాబు రెండు భాగాలు. మొదటిది స్థలానికి సంబంధించినది. ఆ మంచు కాలంలో ఈ భూభాగం దక్షిణ ధ్రువానికి చేరువలో ఉంది. ఖండం కదలడానికి కోట్ల సంవత్సరాలు పట్టింది. రెండవది వేగానికి సంబంధించినది, దానికి సాక్ష్యం అదే లోయలో ఉంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. నేటికీ అక్కడి ముఖ్యమైన బొగ్గుపొరను ‘కింగ్ సీమ్’ అంటారు. 1889లో తవ్వకం మొదలైంది. లక్షల సంవత్సరాల పాటు అడవులు గాలిలోంచి తీసి నేలలో దాచిన కార్బన్‌ను బయటికి తీసి కాల్చడం మొదలై ఇంకా ఒకటిన్నర శతాబ్దం కూడా నిండలేదు. మార్పు కొత్తది కాదు, ఈ వేగం కొత్తది. బొగ్గు ముక్కనూ, గ్లోసోప్టెరిస్ ఆకు అచ్చునూ ఒకే బల్లమీద పెట్టి ఈ మాట చెప్పగల ప్రదర్శన గోదావరి తీరంలో ఒక్కటి ఉన్నా ఎంతో మేలు. ఆ బొగ్గుమీదే లక్షల కుటుంబాలు బతికాయని, రాష్ట్రపు దీపాలు వెలిగాయని చెప్పకుండా ఆ ప్రదర్శన పూర్తికాదు. గని కార్మికుల పిల్లలే ఆ తరగతిలో కూర్చుని ఉంటారు.

లోతైన కాలాన్ని నేటి కాలంతో కలిపి చెప్పే ప్రయత్నం పెద్ద ఎత్తున వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ చేసింది. 2019లో అక్కడ తెరిచిన శిలాజ మందిరం మానవ చర్యలవల్ల భూమి వేడెక్కుతున్న సంగతిని దాచలేదు. ఆ మందిరానికి 3.5 కోట్ల డాలర్లు ఇచ్చినవాడు మాత్రం చమురు వ్యాపారంలో గడించిన డేవిడ్ కోక్. అతని పేరుతోనే 2010లో తెరిచిన మానవ పరిణామ మందిరం వాతావరణ మార్పును కేవలం మనిషి అలవాటుపడగల విషయంగా తేలిక చేసిందని విమర్శకు గురైంది. శిలాజ ఇంధన సంపదతో మ్యూజియంలు తెగతెంపులు చేసుకోవాలని 2015లో పలువురు శాస్త్రజ్ఞులు బహిరంగ లేఖ రాశారు. మ్యూజియం గోడమీది పేరు కూడా ఒక చీటీయే. దాన్ని చదవడం కూడా విద్యార్థులకు నేర్పవలసిందే.

6. బోధన ఒకచోట, నిల్వ మరొకచోట:

భారతదేశంలో ప్రకృతి చరిత్ర మ్యూజియంను స్పష్టంగా పర్యావరణ విద్య కోసమే నెలకొల్పిన ఘనత ఢిల్లీ జాతీయ మ్యూజియానిది. స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భంగా 1972లో ఇందిరాగాంధీ తలపెట్టిన ఆ సంస్థ 1978 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు, అద్దె భవనంలో మొదలైంది. పిల్లలు వస్తువులను చేతితో తాకి చూడగల ప్రత్యేక గదిని ఆ రోజుల్లోనే ఏర్పాటు చేయడం గొప్ప ముందుచూపు. తర్వాత మైసూరు, భోపాల్, భువనేశ్వర్, సవాయ్ మాధోపూర్‌లలో దాని ప్రాంతీయ శాఖలు వచ్చాయి. తెలుగు ప్రాంతానికి ఆ భాగ్యం కలగలేదు. నాలుగు దశాబ్దాల కాలంలో సొంత భవనం సమకూరని ఆ ఢిల్లీ మ్యూజియం 2016 ఏప్రిల్ 26 వేకువజామున కాలిపోయింది. రెండేళ్ల తర్వాత, 2018 సెప్టెంబరు 2న, బ్రెజిల్‌లో 1818 నాటి జాతీయ మ్యూజియం అదే విధంగా దగ్ధమైంది. అక్కడ ఉన్న సుమారు 2 కోట్ల వస్తువుల్లో అధికభాగం పోయింది. వేరే భవనంలో ఉండడంవల్ల అక్కడి హెర్బేరియం మిగిలింది.

ఈ రెండు నష్టాలూ ఒకటి కావు. ఢిల్లీలో పోయిన వాటిలో చాలావరకు ప్రదర్శన కోసం తయారుచేసినవి. రియోలో పోయినది రెండు శతాబ్దాల పరిశోధన నిల్వ. దీన్నిబట్టి భారతీయ పరిస్థితిలోని అసలు లోపం బయటపడుతుంది. విద్యార్థుల కోసం నిర్మించిన మ్యూజియంలలో తేదీలతో కూడిన దీర్ఘకాలిక నిల్వ లేదు. అటువంటి నిల్వ 1890లో ఏర్పడిన బొటానికల్ సర్వే దగ్గర, 1916లో ఏర్పడిన జువలాజికల్ సర్వే దగ్గర ఉంది. అవి ప్రధానంగా పరిశోధకుల కోసం పనిచేసే సంస్థలు. రెండింటికీ హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. బిర్లా మ్యూజియంకు వచ్చే బస్సుల్లో ఎన్ని వాటి గుమ్మం దాకా వెళుతున్నాయన్నది అడగవలసిన ప్రశ్న. ఒకచోట వస్తువుంది, కథ లేదు. మరొకచోట కథ ఉంది, దానికి సాక్ష్యమైన వస్తువు లేదు. తెరమీద కరిగే మంచుకొండ బొమ్మ ఎంత నాణ్యంగా ఉన్నా అది చెప్పిన మాటే. 1930లో కోసిన ఆకు అలా కాదు. దాన్ని విద్యార్థులు తామే లెక్కపెట్టి చూసుకోవచ్చు, లెక్క తప్పితే తామే దిద్దుకోవచ్చు.

7. కళాశాల బీరువాలు:

అటువంటి ఆకు కోసం కోల్‌కతాకో కేంబ్రిడ్జ్‌కో వెళ్లనక్కరలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లోనూ, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లోనూ ఏర్పడ్డాయి. వాటి వృక్షశాస్త్ర శాఖల్లోనూ, పాత డిగ్రీ కళాశాలల్లోనూ హెర్బేరియంలు ఉన్నాయి. ఏటా బి.ఎస్సీ. విద్యార్థులు ప్రయోగ పరీక్ష మార్కుల కోసం కట్టలకొద్దీ హెర్బేరియం షీట్లు సమర్పిస్తారు. మార్కులు వేశాక వాటిలో చాలావాటి గతి చెత్తబుట్ట. ఉంచినవాటిలోనూ శాస్త్రీయ నామం, కుటుంబం ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంటాయి. ఏ ఊళ్లో, ఏ తేదీన కోశారన్న గడి ఖాళీగానో, తరగతి అంతటికీ ఒకే తేదీతోనో కనిపిస్తుంది. మార్కులు నామానికే గాని తేదీకి కాకపోవడమే దీనికి కారణం. సాక్ష్యవిలువ మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం. నామం తప్పయితే నమూనాను చూసి ఎప్పుడైనా దిద్దవచ్చు. తేదీని ఆకులోంచి మళ్లీ రాబట్టే ఉపాయం లేదు.

వుడ్‌వర్డ్ చేసిన లెక్కకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఆకు అడుగుభాగాన రంగులేని గోళ్ల పాలిష్ పూసి, ఆరాక పారదర్శకమైన టేపుతో ఆ పొరను లేపి, గాజు పలకపై అతికించి, ఏ డిగ్రీ కళాశాలలోనైనా ఉండే మామూలు సూక్ష్మదర్శినిలో చూస్తే పత్రరంధ్రాల అచ్చు కనిపిస్తుంది. పాత షీటునుంచి ఆ అచ్చు తీసేటప్పుడు నమూనా చెడే అవకాశం ఉంది. కాబట్టి హెర్బేరియం బాధ్యుల అనుమతితో, రాలిపోయి కవరులో దాచిన ఆకులతో చేయడం మంచిది. ఒకే జాతి తీసుకోవాలి, ఆకులో ఒకే భాగం చూడాలి. ఎండలో పెరిగిన ఆకుకూ, నీడలో పెరిగిన ఆకుకూ తేడా ఉంటుంది కాబట్టి ఒక్కొక్క కాలానికి పలు ఆకులు లెక్కించాలి. అన్ని జాతులూ ఒకే తీరున స్పందించవు. తగ్గుదల కనిపించని జాతి ఎదురైతే దాన్ని కూడా ఉన్నదున్నట్లు నమోదు చేయాలి. 1930ల నాటి షీటు దొరికితే అది కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతులకు సుమారు 310 ఉన్న గాలిలో పెరిగిన ఆకు. కళాశాల ఆవరణలో ఈ ఉదయం కోసిన ఆకు 420 దాటిన గాలిలో పెరిగింది. ఆ రెండో ఆకును కూడా ఎండబెట్టి, జాతి, ఊరు, తేదీ, కోసినవారి పేరు, చెట్టు ఎండలో ఉందో నీడలో ఉందో రాసిన చీటీతో పాత షీటు పక్కనే బీరువాలో పెట్టవలసి ఉంటుంది.